ఇంజన్ వాష్ చేయిస్తే పూజ ఉచితం

ఇంజన్ మీద కట్టిన రెండో బ్రెడ్డు కవరుకు రబ్బరు బ్యాండు తగిలిస్తుండగానే మా ఓనరు బానెట్ కిందకి తల దూర్చాడు. తలొక్కటే కాదు. కొత్త పట్టు చొక్కా, మెడలో గొలుసు, చేతిలో అంతకు ముందురోజే అట్టపెట్టెలోంచి తీసిన ప్రెషర్ గన్, అన్నీ దూర్చాడు.

"ఏమ్మాయ్, ఇంకా మూటలు కడుతూనే ఉన్నావా? అవతల లైను చూడు, మెయిన్ రోడ్డు దాకా పోయింది. ఇది కారా, సారె పెట్టా?"

"ఇంజన్ కాలుతున్నది సార్. జర చల్లారనియ్యండి."

"చల్లారడానికి ఇదేమన్నా పాలా? నీళ్లు కొడితే అదే చల్లారుద్ది. జరుగు."

కారు కింద నుంచి ఒక గొంతు లేచింది. మనిషి కనపడడు, రెండు కాళ్లు మాత్రం బయటికి ఉన్నాయి. "కొట్టుండ్రి సార్, కొట్టుండ్రి. వేడి మీద చల్లనీళ్లు పడి హెడ్డు పగిలితే గోందు పెట్టి అతికిద్దాం. డబ్బా నా తాన ఉన్నది."

ఆ కాళ్లు మా ఉస్తాద్‌వి. మా సర్వీసింగ్ సెంటర్‌లో ఉన్న ఒకే ఒక్క మెకానిక్. ఓనరు గన్ దించాడు. దించి, పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ డ్రైవరన్నను చూసి, "చూశావా బాబూ, మా దగ్గర ఎంత జాగ్రత్తో" అన్నాడు. అన్న తలూపాడు. ఆయనకు అప్పటికే మొహంలో నెత్తురు లేదు.

చెల్లెళ్లూ, ఈ మధ్య మన నానక్‌రామ్‌గూడ గల్లీలో మీరు ఒకటే అడుగుతున్నారు కదా, "అక్కా, నువ్వు కార్ల ఇంజన్లు కడిగేదానివంట కదా, ఆ పనెట్లుంటది?" అని. అందుకే ఆ రోజు గురించి చెబుతున్నాను. నేను ఇప్పుడు రిటైరయ్యాను. నవ్వకండి. జుట్టు నెరిస్తేనే రిటైరవ్వాలని ఎక్కడా రాసిలేదు. మా సెంటర్ ఉన్న జాగాలో అద్దాల బిల్డింగు కడతామని ఎవరో వచ్చారు, ఓనరు అమ్మేశాడు, నేను రిటైరయ్యాను. పూలదండ, శాలువా, గోడ గడియారం మాత్రం ఇంకా రాలేదు. దారిలో ఉన్నాయేమో.

అప్పట్లో మాదాపూర్ వైపు రోడ్డు ఎట్లా ఉండేదో మీకు తెలియదు. అటు రాళ్ల గుట్టలు, ఇటు రాళ్ల గుట్టలు, మధ్యలో ఒకే ఒక్క గుండ్రటి బిల్డింగు. ప్రపంచమంతా ఆ బిల్డింగులోకే వస్తోందని పేపర్లలో రాసేవాళ్లు. ప్రపంచం కార్లలో వస్తుంది కదా, కార్లకు దుమ్ము పడుతుంది కదా అని మా ఓనరుకు ఆలోచన వచ్చింది. ఆయనది భీమవరం వైపు. అక్కడ చేపల చెరువులు చూసుకునేవాడు. చేపలకు నీళ్లు కావాలి, కార్లకూ నీళ్లే కావాలి, తేడా ఏముంది అనుకున్నాడు.

నన్ను పెట్టుకున్నది రిసెప్షన్‌కి. అంటే ఒక టేబులు, ఒక ఫ్యాను, ప్లాస్టిక్ కవరు తీయని ఒక కంప్యూటరు. ఆ కంప్యూటరుకు వైరు లేదు. హైటెక్ సిటీ పక్కన ఉన్నాం కాబట్టి ఉండాలని తెచ్చిపెట్టాడు. "వచ్చినవాళ్లను చూసి నవ్వు, టీ ఇవ్వు, మౌసు మీద చెయ్యి పెట్టుకుని కూర్చో" అని చెప్పాడు. పదో తరగతి లెక్కల్లో కాస్త నిదానంగా పాసైన నాకు అంతకంటే పెద్ద ఉద్యోగం ఎవరిస్తారు?

ఒకరోజు ఉస్తాద్ ఇంజన్ సందులో స్పానర్ పడేసుకున్నాడు. ఆయన చెయ్యి జొన్నరొట్టెంత వెడల్పు, సందులోకి పోదు. తిట్టుకుంటున్నాడు. నేను టీ గ్లాసు పక్కన పెట్టి చెయ్యి దూర్చి తీసిచ్చాను. ఆయన నా చేతిని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు, బజార్లో బెండకాయ చూసినట్టు.

"బిడ్డా, గా మౌసు ఇడిసిపెట్టు. నీ చెయ్యి ఇంజన్ల కోసం పుట్టింది."

ఆ మాటకు నేను పొంగిపోయాను. ఎవరైనా కాస్త మంచిగా మాట్లాడితే పొంగిపోయి, కాస్త గట్టిగా మాట్లాడితే ఏడ్చేసే రకం నేను. అట్లా ఇంజన్ల సందుల్లో నా జీతం పెరగకుండానే నా పని పెరిగింది.

ఇంజన్ కడగడంలో ఉస్తాద్‌కి ఒక మడి ఉండేది. బానెట్ ఎత్తగానే ముందు బ్యాటరీ మైనస్ వైరు తీసెయ్యాలి. అది తీయకుండా ఎవరైనా బ్రష్ ముట్టుకుంటే ఆ పూట వాళ్లతో మాట్లాడడు. తరువాత ఇంజన్ చల్లారేదాకా ఆగాలి. తరువాత కవర్లు. ప్లగ్గులకు కరెంటు పంచే నల్ల డబ్బా ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్ అంటారు, దానికొకటి. డైనమోకొకటి. గాలి పీల్చే మూతికొకటి. పక్క బేకరీలో ఖాళీ బ్రెడ్డు కవర్లు అడిగి తెచ్చేదాన్ని. ఆ తరువాత సబ్బునీళ్లు, బ్రష్షు, పైన మామూలు పైపుతో సన్నగా నీళ్లు. గాలి కొట్టి ఆరబెట్టాక గానీ మైనస్ మళ్లీ తగిలించకూడదు.

ఇంత వివరం ఎందుకంటే, ఆ డ్రైవరన్న మొహంలో నెత్తురు లేకపోవడానికి కారణం ఇందులోనే ఉంది. ఆయన తోలే కారు గుండ్రటి బిల్డింగులో ఉండే ఒక కంపెనీ సారుది. అన్నకు ముందు ఇంకో డ్రైవరు ఉండేవాడు. ఎక్కడో రోడ్డు పక్కన ఇంజన్ కడిగించుకొచ్చాడు, వాళ్లు కవరూ గివరూ లేకుండా నీళ్లు కొట్టేశారు, ఖైరతాబాద్ చౌరస్తాలో సారు వెనక సీట్లో ఉండగా కారు ఆగిపోయింది. సారు అక్కడే తాళాలు తీసుకుని, అక్కడే ఆటో ఎక్కి, అక్కడే ఆ డ్రైవర్ని వదిలేశాడు. కంప్యూటర్లో ఒక ఫైలు తీసేసి ఇంకోటి పెట్టినట్టు అన్న వచ్చాడు.

అన్నది జహీరాబాద్ పక్కన ఒక ఊరు. ఉద్యోగం నిలుస్తుందో లేదో చూసుకుని, నిలిచేటట్టుందని నమ్మి, ఆ వారమే భార్యనూ ఇద్దరు పిల్లల్నీ తెచ్చి లింగంపల్లిలో రూము కిరాయికి తీసుకున్నాడు. ఆ సంగతి ఆ పొద్దున నాకు మూడుసార్లు చెప్పాడు.

"చెల్లె, కవరు గట్టిగ కట్టినవా?"

"కట్టిన అన్నా."

"ఇంకొకటి కడితే ఏమైతది?"

"ఇంజన్‌కు ఊపిరాడక చస్తది. నువ్వు పోయి చాయ్ తాగు."

ఇంతకీ ఆ రోజు ఆయుధ పూజ. అందుకే ఆ లైను. మా ఓనరు మెదడులో ఒక కొత్త పథకం పుట్టింది. గేటుకు ఎర్ర రంగుతో బోర్డు రాయించాడు: ఇంజన్ వాష్ చేయిస్తే పూజ ఉచితం. కూకట్‌పల్లి నుంచి ఒక పంతులుగారిని మాట్లాడాడు. ఆయన లూనా మీద వచ్చి, లూనాకు కూడా ఇంజన్ వాష్ అయితుందా అని అడిగాడు. ఊళ్లో అందరూ కారుకు బయట నుంచి హారతి ఇస్తారు కదా, మా దగ్గర స్పెషలు. బానెట్ ఎత్తి లోపలికి హారతి. "అసలు పనిచేసేది ఇంజనండీ. బొట్టు బంపర్‌కి పెడితే ఇంజన్‌కి ఏం తెలుస్తుందండీ?" అని ఓనరు వచ్చినవాళ్లందరికీ వివరించాడు. బాగా చదువుకున్నవాళ్లు, కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసేవాళ్లు, అవునవును అని బానెట్లు ఎత్తి నిలబడ్డారు.

కంపెనీ సారు కూడా అట్లాగే వచ్చాడు. లాల్చీ, చేతిలో ఇటుకంత సెల్‌ఫోను. పొద్దున్నే ఫారిన్ గెస్టులను బేగంపేట ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చి హోటల్లో దించి, కారు తిన్నగా మా దగ్గరికి తెప్పించాడు. పదిన్నరకు మళ్లీ హోటల్ ముందు ఉండాలి. గెస్టులకు దసరా లేదు కదా, మీటింగు ఉంది. అందుకే ఇంజన్ అంత కాలుతోంది, అందుకే ఓనరు అంత తొందర.

సరే, ఉస్తాద్ గోందు మాటకు భయపడి ఓనరు కాస్త ఆగాడు. నేను టేబుల్ ఫ్యాను తెచ్చి ఇంజన్‌కు పెట్టాను. రిసెప్షన్‌లో నాకు తిరగని ఫ్యాను ఇంజన్‌కు బ్రహ్మాండంగా తిరిగింది. పూర్తిగా చల్లారలేదు గానీ చెయ్యి ఆనించేంత అయింది. కడిగాం, గాలి కొట్టాం, ఆరబెట్టాం, కవర్లు విప్పాం, మైనస్ తగిలించాం. అన్న సీట్లో కూర్చుని కళ్లు మూసుకుని సెల్ఫ్ కొట్టాడు. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. ఆయన దిగి నా వైపు చూసిన చూపుకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పాను కదా, నా రకమే అంత.

అక్కడితో ఆపితే ఈ కథ లేదు, నేను మీకు చెప్పేదీ లేదు.

ఇంజన్ శుభ్రంగా ఉంది కానీ మెరవట్లేదు. మా ఓనరుకు శుభ్రం అక్కర్లేదు, మెరుపు కావాలి. మెరుపు ఉస్తాద్ చేతిలో పని. బ్యాటరీ దగ్గర అంత మడి పాటించే మనిషి, డీజిల్లో కాస్త కిరోసిన్ కలిపి, స్ప్రే డబ్బాలో పోసి, కడిగిన ఇంజన్ మీద మంచులాగా కొట్టేవాడు. అది ఆయన కనిపెట్టిన విద్య. ఆ రోజుల్లో ఏ సర్వీసింగ్ సెంటర్‌కి పోయినా ఉండేదే కానీ, తనే కనిపెట్టానని ఆయన గట్టి నమ్మకం. "లారీలకు కొట్టిన, బస్సులకు కొట్టిన, ఏం కాలే" అనేవాడు. నిజమే. లారీల బానెట్‌లోకి ఎవరూ కర్పూరం పట్టుకుని తల దూర్చలేదు కదా.

ఆ రోజు పొద్దున్నుంచి ఎన్ని ఇంజన్లకు కొట్టామో, ఎన్ని హారతులు ఇచ్చామో. అవన్నీ వరసలో నిలబడి చల్లబడిన ఇంజన్లు, హారతి పళ్లెమూ దూరంగానే తిరిగింది, ఏమీ కాలేదు. ఏమీ కాకపోయేసరికి మా అందరికీ ధైర్యం పెరిగింది. ఈ కారుకు నేనే స్ప్రే కొట్టాను. అప్పుడే ఆడించి ఆపిన ఇంజన్. సన్నగా తెల్లటి పొగ లేచింది.

"ఏం వాసనే చెల్లె ఇది?" అన్నాడు అన్న.

"అత్తరన్నా. దసరా కదా."

ఓనరు ముక్కుతో గట్టిగా పీల్చి, "అబ్బ, ధూపం వేసినట్టే ఉందండీ" అన్నాడు సారుతో. సారు ఫోన్లో ఉన్నాడు. ఫోను చెవిలోనే ఉంచుకుని రెండో చెయ్యి గుండె మీద పెట్టుకుని దండం పెట్టాడు. అన్న చెప్పులు విడిచి పక్కన పెట్టి, అంత దూరంలో నిలబడి, రెండు చేతులూ జోడించాడు. ఆయన ఏం మొక్కుకున్నాడో అడక్కుండానే చెప్పగలను.

పెద్ద కస్టమరు కాబట్టి పెద్ద హారతి. "పంతులుగారూ, కర్పూరం ధారాళంగా వెయ్యండి, మనదే" అన్నాడు ఓనరు. పంతులుగారు ధారాళంగా వేశాడు. పళ్లెం ఇంజన్ మీదుగా ఒక చుట్టు తిప్పాడు. రెండో చుట్టు తిప్పాడు. మూడో చుట్టులో ఒక కర్పూరం బిళ్ల మండుతూనే జారి, దొర్లి, ఇంజన్ సందులోకి పోయింది. నా చెయ్యి పట్టే సందు అది.

భగ్గుమంది.

పంతులుగారు మంత్రం మధ్యలో ఆపి, పళ్లెం గుండెకు హత్తుకుని వెనక్కి గెంతాడు. మంట బానెట్ లోపలి రేకు దాకా లేచింది. ఓనరు "నీళ్లు! నీళ్లు!" అంటూ ప్రెషర్ గన్ అందుకున్నాడు. డీజిల్ మంట మీద ఆ గన్‌తో నీళ్లు కొడితే మంట చుట్టూ చిమ్ముతుందని, చుట్టూ నిలబడ్డ కార్లన్నింటికీ మేమే పొద్దున్నుంచి అదే అత్తరు పూశామని ఆ క్షణంలో నాకు ఎట్లా తోచిందో తెలియదు. పరిగెత్తి గోడ మీద ఆ గన్ మోటారు స్విచ్ ఆపేశాను. ఓనరు గన్ నొక్కుతున్నాడు, నొక్కుతున్నాడు, అది దగ్గి ఊరుకుంది.

"కొత్త మెషీనండీ! రాదేంటండీ!"

కింద పరిచిన తడి గోనెసంచుల్లో ఒకటి ఉస్తాద్ ఎత్తి ఇంజన్ మీద పడేశాడు. ఇంకోటి అన్న ఎత్తాడు. ఆయన పడేయలేదు, రెండు చేతులతో అదిమి పట్టి, మొహం పక్కకు తిప్పుకుని, అట్లాగే వంగి ఉన్నాడు. ఉస్తాద్ రెండుసార్లు లాగితే గానీ వదల్లేదు. మంట పోయింది. అన్న ముంజేతుల మీద వెంట్రుకలు కూడా పోయాయి.

సారు ఫోన్లో ఇంకా ఎవరో "హలో, హలో" అంటున్నారు.

మంట ఆరాక సారు అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో చెప్పుకోండి. ఎవరికైనా కాలిందా అని కాదు. కారు ఏమైందని కూడా కాదు. పంతులుగారి వైపు తిరిగి, "ఇది అపశకునమా?" అన్నాడు.

పంతులుగారు కండువా అంచు చూసుకుంటున్నాడు, అది గోధుమ రంగులోకి తిరిగింది. చుట్టూ చూశాడు. ఇంకా లైనులో ఉన్న కార్లను చూశాడు.

"అబ్బెబ్బే, ఎంతమాట బాబూ! అగ్నిహోత్రుడు ప్రత్యక్షంగా వచ్చి హారతి అందుకున్నాడు. కోటికొక్కరికి జరుగుతుంది."

సారు మొహం తేటపడింది. ఓనరు వెంటనే అందుకున్నాడు. "మా దగ్గర ఇంతేనండీ." ఒక్క క్షణం ఆగి, "అంటే ఎప్పుడూ కాదండీ" అన్నాడు.

ఉస్తాద్ గోనెసంచి తీసి చూశాడు. ప్లగ్గు వైర్లు కరిగి, ఉడికిన సేమ్యాలాగా ముద్దకట్టాయి. డిస్ట్రిబ్యూటర్ మూత ఒక పక్క వంగిపోయింది. మిగతావి మసిబారాయి గానీ బతికాయి. "వైర్లు లేకుండ ఎట్ల తిరుగుతది? ఇయ్యాల దసరా, ఒక్క దుకాణం తెరువరు" అన్నాడు.

సారు గడియారం చూసుకున్నాడు. ఇక్కడే నాకు ఆ సారు మీద గౌరవం కలిగింది. శకునం మంచిదని నమ్మాడు కదా, మంచి శకునానికి కూడా ఒక తప్పు చేసిన మనిషి కావాలని ఆయనకు తెలుసు. అన్న వైపు తిరిగాడు.

"నువ్వేం చేస్తున్నావయ్యా? చూసుకోవా?"

"అదేనండీ" అన్నాడు మా ఓనరు. "డ్రైవరన్నవాడు చూసుకోవాలండీ. ఇంజన్ అంత వేడి మీద తెచ్చేశాడండీ."

"తాళాలు ఇటివ్వు" అన్నాడు సారు. "రేపట్నుంచి రానక్కర్లేదు."

అన్న జేబులో చెయ్యి పెట్టాడు. కాలిన చెయ్యి, జేబులో తిన్నగా పోవట్లేదు. "సార్... పిల్లగాండ్లను మొన్ననే తోలుకొచ్చిన సార్" అన్నాడు, అంతే. గట్టిగా కూడా అనలేదు. ఆ తాళాలు జేబులోంచి ఎంతకూ రావట్లేదు, సారు చెయ్యి చాచి నిలబడే ఉన్నాడు.

నాకు ఎక్కడి నుంచి వచ్చిందో కోపం, రిసెప్షన్ నవ్వు మొత్తం ఊడిపోయింది.

"ఆయనేం జేసిండు సార్? డీజిల్ కొట్టింది మేము. కర్పూరం పెట్టింది మేము. బోర్డు రాసింది మేము. ఆయన గాడ చెప్పులిడిసి దండం పెట్టుకుంట నిలబడ్డడు. మంటలేస్తె మీరు ఫోన్ ఇడువలే, మా సారు గన్ ఇడువలే, ఆయన చేతులు పెట్టి ఆర్పిండు!"

ఓనరు మొహం పంతులుగారి కండువా రంగులోకి వచ్చింది. సారు నన్ను చూసి, చాలా నెమ్మదిగా, ఆఫీసులో మాట్లాడినట్టు, "చూడమ్మా, అదంతా నాకు అనవసరం. పదిన్నరకి నాకు కారు కావాలి" అన్నాడు.

"కారు నడిస్తే అన్నను ఉంచుకుంటరా?"

"ముందు నడవనీ."

నేను చుట్టూ చూశాను. గేటు పక్కన, అరటి పిలకలు కట్టుకుని, బంతిపూల దండలు వేసుకుని, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలతో, ఒళ్లంతా పసుపు కుంకాలతో ఒక కారు నిలబడి ఉంది. అదే మోడలు. రంగు కూడా అదే తెలుపు. మా ఓనరుది. పొద్దున్నే మొదటి పూజ దానికే.

పోయి బానెట్ ఎత్తాను.

"ఏయ్, ఏయ్, అమ్మాయ్! అది నా కారండీ!" కంగారులో నన్ను కూడా అండీ అన్నాడు. నేనక్కడ పనిచేసిన కాలమంతటిలో అదొక్కసారే.

ఉస్తాద్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఓనరును చూశాడు, నన్ను చూశాడు, ఇంజన్‌ను చూశాడు.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా? ముందుగాల మైనస్ తియ్యి" అన్నాడు.

"ఉస్తాద్, నీక్కూడా మతిపోయిందా? దానికి పూజైపోయిందండీ!"

"అందుకే సార్" అన్నాను నేను వైర్లు పీకుతూ. "పూజైన వైర్లు. కంపెనీ సారు మంచి పని మీద పోతున్నరు కదా."

సారు ఒక్క క్షణం ఆలోచించాడు. పంతులుగారి వైపు చూశాడు. పంతులుగారు కళ్లు మూసుకుని, దివ్యంగా తలూపాడు. "గుడ్. అవే పెట్టండి" అన్నాడు సారు. పెద్ద కస్టమరు గుడ్ అన్నాక మా ఓనరు ఏమంటాడు? "మీకంటే ఎక్కువాండీ" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన గొంతు ఎంత కష్టపడిందో నేను దగ్గర నుంచి చూశాను.

వైర్లు, మూత మార్చాం. మసి తుడిచాం. అన్న సీట్లో కూర్చున్నాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు, నన్నే చూస్తున్నాడు. మొదటి సెల్ఫ్ అందుకోలేదు. రెండోది అందుకోలేదు. మూడోదానికి దగ్గి, వణికి, లేచింది. సారు వెనక ఎక్కి "పోనీ" అన్నాడు. ఉంటావు అనలేదు, పోతావు అనలేదు. పోనీ. కారు గేటు దాటి, గుట్టల మలుపు తిరిగిపోయాక చూస్తే అన్న చెప్పులు అక్కడే ఉన్నాయి. ఉత్త కాళ్లతో పోయాడు.

ఓనరు నా దగ్గరికి వచ్చాడు. అరవలేదు. సారు అన్న మాటే అన్నాడు, మాట మారకుండా. "రేపట్నుంచి రానక్కర్లేదు." పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్న మాట కదా, బాగా పలికింది.

నేను ఏడ్చాను. అది మీకు చెప్పక్కర్లేదు. నా ఏడుపు సగంలో ఉండగా ఓనరు ఇంటికి పోదామని కారెక్కి సెల్ఫ్ కొట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది వైర్లు ఎక్కడున్నాయో. దసరా పూట పట్టు చొక్కాతో, షేరింగ్ ఆటోలో డ్రైవరు పక్కన ఒక తుంటి మీద కూర్చుని, గొలుసు చొక్కా లోపలికి తోసుకుని పోయాడు. ఏడుపులో నవ్వొస్తే ముక్కు ఎట్లా మండుతుందో ఆ రోజే తెలిసింది.

ఉస్తాద్ బోర్డు దించి గోడకు తిప్పి పెట్టాడు. సాయంత్రం నాతో, "రేపు జర జల్ది రా బిడ్డా" అన్నాడు.

"సార్ రావద్దన్నడు కదా ఉస్తాద్."

"సార్ చెప్పిండు. గేటు తాళం మాత్రం నా తాన ఉన్నది."

నాకప్పుడు ఉద్యోగం ఊడిన ఫికర్ కంటే ఆ చెప్పుల ఫికరే ఎక్కువ. తెచ్చి నా టేబులు కింద, కంప్యూటరు పక్కన పెట్టాను. అవి తీసుకోవడానికి అన్న ఎట్లా వస్తాడో, నడిచొస్తాడో కారులో వస్తాడో, రాత్రంతా అదే.

మర్నాడు పొద్దున పోయేసరికి గేటు తీసి ఉంది. ఉస్తాద్ స్ప్రే డబ్బా మూత తిప్పి, ఉన్నదంతా జనరేటర్ ట్యాంకులో వంపుతున్నాడు. "లారీలకైతే ఏం కాలే" అని తనలో తనే గొణుక్కుంటున్నాడు. నేను వినలేదన్నట్టు నడిచిపోయాను.

ఓనరు కారు అక్కడే ఉంది, వాడిన బంతిపూలతో. బానెట్ మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. నేను ఆ పనిలో చేరినప్పటి నుంచి నిజంగా చల్లారిన ఇంజన్ దొరకడం అదే మొదటిసారి. ఎవరూ తొందర పెట్టట్లేదు, లైను లేదు, పంతులుగారు లేడు. ఉద్యోగం కూడా లేదు కాబట్టి ఆలస్యమవుతుందన్న భయం లేదు. మైనస్ తీసే ఉంది, ఒకసారి చూసుకున్నాను. వైర్లు పీకిన చోట్ల గుడ్డ ముక్కలు కుక్కి, వాటి మీద కవర్లు కట్టాను. ఒకటి, రెండు, మూడు. సబ్బునీళ్లు, బ్రష్షు, సన్నటి పైపు. తుడుస్తూ తుడుస్తూ సందుల్లో ఎప్పటిదో మట్టంతా తీశాను. గాలి కొట్టి, పొడి గుడ్డతో అద్దాను.

గేటు దగ్గర హారన్ వినపడింది. తల ఎత్తితే తెల్ల కారు. స్టీరింగ్ వెనక అన్న. చేతులకు రెండు కట్లు, కాళ్లకు బాత్రూం చెప్పులు.

"చెల్లె, నా చెప్పులు ఈడ్నే ఇడిసిపెట్టిన."

"ఏమన్నడన్నా సారు?"

"ఏమనలే. రాత్రి ఇంటికాడ దిగుకుంట, పొద్దుగాల ఏడింటికి రా అన్నడు." ఆయన చెప్పులు తొడుక్కుని, ఒకసారి నేలకేసి తొక్కి చూసుకున్నాడు. "గా వైర్లు మాత్రం వాపస్ ఇయ్యడంట. పూజైనయి కదా."

ఆయన అటు పోతుండగానే ఇటు షేరింగ్ ఆటో ఆగింది. ఓనరు దిగాడు. నన్ను చూశాడు, తిట్టడానికి నోరు తెరిచాడు, నా వెనక ఎత్తి ఉన్న బానెట్ చూసి తిట్టు మర్చిపోయాడు. వచ్చి తల దూర్చాడు. అటు వంగి, ఇటు వంగి, చాలాసేపు చూశాడు.

"శుభ్రంగానే ఉంది" అన్నాడు. "మెరుపేదీ?"

నేను పొడి గుడ్డ తీసి ఆయన చేతిలో పెట్టాను.